ఒక్కడు వెళ్తే తొమ్మిది మందిని కొన్నారు

2014 వేసవిలో లూయిస్ సువారెజ్ లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్‌ను వదిలి బార్సిలోనాకు వెళ్లిపోయాడు. ఆ అమ్మకంతో క్లబ్‌కు 6.5 కోట్ల నుంచి 7.5 కోట్ల పౌండ్ల మధ్య వచ్చాయని అప్పటి పత్రికలు రాశాయి. ఆ వేసవి ముగిసేలోగా లివర్‌పూల్ తొమ్మిది మంది ఆటగాళ్లను తెచ్చుకుంది. ఖర్చు 11 కోట్ల పౌండ్లు దాటింది. మరి తర్వాతి సీజన్‌లో ఏమైంది? ప్రీమియర్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు ఆరో స్థానానికి జారిపోయింది. 101 గోల్స్ కొట్టిన జట్టు 52 దగ్గర ఆగిపోయింది.

పదేళ్లు దాటిన కథ ఇప్పుడెందుకు అంటారా? ట్రాన్స్‌ఫర్ విండో తెరుచుకున్న ప్రతిసారీ బెంగళూరులోనైనా, చెన్నైలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా మన కుర్రాళ్ల మధ్య నడిచే చర్చ ఒక్కటే. ఎవడు పోతున్నాడు, వాడి చోట ఎవణ్ని కొంటారు, ఎంతకు కొంటారు? ఆ చర్చలో తప్పేమీ లేదు. ఆట చూడాలి, ఆనందించాలి. కానీ ఆ చర్చలో ఎప్పుడూ రాని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. లివర్‌పూల్ కథ వాటిని మన ముందు పెడుతుంది.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఆ క్లబ్ చేసిన పెద్ద తప్పు 2014 వేసవిలో జరగలేదు. అంతకు మూడేళ్ల ముందు, "ఈ ఒక్కడు లేకపోతే మనకు గడవదు" అనుకున్న రోజున జరిగింది. తర్వాత పోసిన కోట్లు ఆ తప్పుకు కట్టిన మూల్యంలో ఒక భాగం మాత్రమే.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2013-14 సీజన్‌లో లివర్‌పూల్ టైటిల్‌కు చాలా దగ్గరగా వచ్చింది. 1990 తర్వాత అప్పటిదాకా ఆ క్లబ్ లీగ్ గెలవలేదు. ఆ ఏడాది వరుసగా 11 మ్యాచ్‌లు గెలిచి, చివరి వారాల్లో తడబడి, మాంచెస్టర్ సిటీ కంటే రెండు పాయింట్లు వెనుకబడింది. వాళ్లకు 86, వీళ్లకు 84. సువారెజ్ 33 లీగ్ మ్యాచ్‌ల్లో 31 గోల్స్ కొట్టాడు. అందులో ఒక్కటి కూడా పెనాల్టీ కాదు. అతని పక్కన డేనియల్ స్టరిడ్జ్ 21 కొట్టాడు. అంటే జట్టు గోల్స్‌లో సగానికి పైగా ఇద్దరివే.

సువారెజ్ వెళ్లాక వచ్చినవాళ్లు వీళ్లు: రికీ లాంబర్ట్, ఆడమ్ లలానా, ఎమ్రె చాన్, లాజర్ మార్కోవిచ్, డెయాన్ లోవ్రెన్, డివోక్ ఒరిగి, హావియర్ మన్కీయో, అల్బెర్టో మొరెనో, మారియో బలోటెల్లి. వీరిలో మన్కీయో అద్దె ఒప్పందం మీద వచ్చాడు. ఒరిగిని కొని, ఆ ఏడాదికి పాత క్లబ్ లిల్‌కే తిరిగి పంపారు.

ఈ జాబితాలో సువారెజ్ స్థానంలో ఆడవలసినవాడు ఎవరు? మొదట చిలీ ఆటగాడు అలెక్సిస్ సాంచెజ్ కోసం ప్రయత్నించారు. అతను ఆర్సెనల్‌ను ఎంచుకున్నాడు. తర్వాత లోయిక్ రెమీతో బేరం కుదిరింది గానీ వైద్య పరీక్షల దగ్గర ఆగిపోయింది. రోజులు దగ్గర పడుతున్నాయి. చివరకు ఆగస్టు నెలాఖరులో ఏసీ మిలాన్ నుంచి 1.6 కోట్ల పౌండ్లకు బలోటెల్లిని తెచ్చారు. అతను లివర్‌పూల్‌కు రాడని మేనేజర్ బ్రెండన్ రోజర్స్ కొద్ది వారాల ముందే అందరి ఎదుట చెప్పి ఉన్నాడు. సువారెజ్ ఆట అంతా పరుగు. బంతి పోతే వెంటనే వెంటబడి లాక్కోవడం, డిఫెండర్లకు ఊపిరి సలపనివ్వకపోవడం. బలోటెల్లి ఆట అలాంటిది కాదని అందరికీ తెలుసు. ఆ సీజన్‌లో అతను 16 లీగ్ మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్క గోల్ కొట్టాడు. లాంబర్ట్ రెండు కొట్టాడు. జట్టులో ఎక్కువ లీగ్ గోల్స్ కొట్టినవాడు 34 ఏళ్ల స్టీవెన్ జెరార్డ్. అవి కూడా తొమ్మిదే.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. స్టరిడ్జ్ గాయాలతో 12 లీగ్ మ్యాచ్‌లే ఆడగలిగాడు. అతను ఆరోగ్యంగా ఉండి ఉంటే కథ కొంత మారేదేమో. కొన్నవాళ్లంతా పనికిరానివాళ్లూ కాదు. లలానా, చాన్, లోవ్రెన్ తర్వాతి ఏళ్లలో మంచి ఆటే ఆడారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఎవరిని కొనాలన్న విషయంలో మేనేజర్ మాట ఒకటి, క్లబ్ నియమించిన కమిటీ మాట ఒకటి. ఇద్దరికీ చెరి కొంత నచ్చేలా కొన్నారు. తొమ్మిది మంది వచ్చారు గానీ వాళ్లందరినీ కలిపే ఆలోచన ఒకటి రాలేదు.

పాఠం కళ్ల ముందే ఉంది కూడా. సరిగ్గా ఏడాది ముందు టోటెన్‌హామ్ క్లబ్ గ్యారెత్ బేల్‌ను రియల్ మాడ్రిడ్‌కు అమ్మి, ఆ డబ్బుతో ఏడుగురిని కొని, అనుకున్నది సాధించలేకపోయింది. పక్క ఇంట్లో నిప్పు అంటుకున్నప్పుడు చూసినవాళ్లే మరుసటి ఏడు తమ ఇంట్లో అదే చోట దీపం పెట్టారు.

ఖాళీలో పెట్టిన మనుషులు

ట్రాన్స్‌ఫర్ వార్తల భాష గమనించారా? ఫలానా ఆటగాడు "చవకగా దొరికాడు", ఫలానావాడు "వృథా ఖర్చు", ఫలానావాడు "జూదం". సంతలో పశువులకు వాడే మాటలు మనుషులకు వాడుతున్నాం, వాడుతున్నామని మనకు అనిపించడం కూడా మానేసింది.

రికీ లాంబర్ట్ లివర్‌పూల్ పక్కనే ఉన్న కిర్క్‌బీలో పుట్టాడు. చిన్నప్పుడు ఆ క్లబ్ అకాడమీలోనే ఉండేవాడు. కుర్రతనంలోనే వద్దని పంపేశారు. ఒక దశలో బతుకుతెరువు కోసం బీట్‌రూట్ సీసాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేశాడు. కింది డివిజన్లలో ఏళ్ల తరబడి ఆడి, 32 ఏళ్ల వయసులో తన ఊరి క్లబ్‌కు తిరిగి వచ్చాడు. అతనికి అది కల నిజమైన రోజు. కానీ అతను వచ్చింది ఎవరి ఖాళీలోకి? ప్రపంచంలోని గొప్ప స్ట్రైకర్లలో ఒకడి ఖాళీలోకి. ఒక్క సీజన్ ముగిశాక మళ్లీ వెళ్లిపోవలసి వచ్చింది.

బలోటెల్లి ఘనా దేశపు తల్లిదండ్రులకు ఇటలీలోని పలెర్మోలో పుట్టాడు. బ్రెషియా ప్రాంతంలో ఒక ఇటాలియన్ కుటుంబం అతన్ని పెంచింది. పుట్టింది ఇటలీలోనే అయినా 18 ఏళ్లు నిండేదాకా అతనికి ఆ దేశ పౌరసత్వం రాలేదు. ఇటలీ స్టేడియాల్లో అతని రంగును ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. అతని ప్రవర్తనలో లోపాలు లేవని నేను అనను. శిక్షణలో శ్రద్ధ చూపలేదన్న విమర్శకు అతనే జవాబుదారీ. కానీ నీ ఆట మాకు సరిపోదని తెలిసి కూడా వేరే దారి లేక తెచ్చుకున్నవాళ్లు, అతను విఫలమయ్యాక నింద అంతా అతని మీదే వేయడం ఏ న్యాయం? ఖాళీని తయారుచేసింది ఒకరు, అందులో కూలబడింది ఇంకొకరు.

ఆ ఖాళీ ఎప్పుడు పుట్టింది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2011 అక్టోబరులో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ జట్ల మధ్య ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్ జరిగింది. సెనెగల్‌లో పుట్టిన నల్లజాతి ఫ్రెంచ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రా, సువారెజ్ తన రంగును ఎత్తి దూషించాడని ఫిర్యాదు చేశాడు. ఆ మాట తమ దేశం ఉరుగ్వేలో తిట్టు కాదని సువారెజ్ వాదించాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నియమించిన స్వతంత్ర కమిషన్ ఇరువైపులా విని, ఆ వాదనను ఒప్పుకోలేదు. 2011 డిసెంబరు 20న ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా విధించింది.

మరుసటి రోజే లివర్‌పూల్‌కు విగన్‌లో మ్యాచ్ ఉంది. ఆటగాళ్లంతా సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని మైదానంలోకి వచ్చారు. మేనేజర్ కెన్నీ డాల్గ్లీష్ కూడా వేసుకున్నాడు. ఫిర్యాదు చేసినవాడి గురించి ఒక్క ఆదరపు మాట లేదు. తీర్పు వచ్చిన 24 గంటల్లో జట్టంతా నేరం రుజువైనవాడి పక్కన నిలబడింది.

ఎందుకు నిలబడింది? అతను గోల్స్ కొడతాడు గనుక. వేరే కారణం నాకు కనబడటం లేదు. ఒక మామూలు డిఫెండర్ ఆ పని చేసి ఉంటే అంత ప్రేమ పుట్టేదా?

తర్వాత జరిగింది కూడా చూడండి. 2013 ఏప్రిల్‌లో చెల్సీ ఆటగాడు బ్రానిస్లావ్ ఇవనోవిచ్‌ను సువారెజ్ కొరికాడు. పది మ్యాచ్‌ల నిషేధం పడింది. క్లబ్ అతన్ని వదులుకోలేదు. ఆ వేసవిలో అతనే వెళ్లిపోతానన్నాడు. ఆర్సెనల్ 4 కోట్ల పౌండ్ల మీద ఇంకొక్క పౌండు వేసి అడిగింది. క్లబ్ ఇవ్వనంది. 2014 జూన్‌లో ప్రపంచకప్‌లో ఇటలీ ఆటగాడు జార్జియో కియెల్లీనిని కొరికాడు. ఫిఫా నాలుగు నెలలు ఫుట్‌బాల్‌కు దూరం పెట్టింది. ఆ తర్వాత కొద్ది వారాలకే, మంచి ధర వచ్చింది గనుక, అమ్మేశారు.

వివక్షను దాటవేశారు, కొరకడాన్ని దాటవేశారు. చివరికి అతను వెళ్లింది వాటి వల్ల కాదు, ధర కుదిరినందువల్ల. ఈ మూడేళ్లలో ఆ క్లబ్ నేర్చుకున్నది ఒకే ఒక్క పాఠం: ఇతను లేకుండా మనం లేము. ఆ పాఠం నేర్చుకున్న సంస్థ, అతను లేని రోజు కోసం ఎలా సిద్ధపడుతుంది? సిద్ధపడదు. ఆ రోజు వచ్చాక కంగారుపడి తొమ్మిది మందిని కొంటుంది. విగన్‌లో టీషర్టు వేసుకున్న మనసు, ఆగస్టు నెలాఖరులో చెక్కు రాసిన మనసు రెండూ ఒకటే. మొదటిది నీతి విషయం, రెండోది ఆట విషయం అని వేరు చేసి చూస్తాం గానీ, వేరు ఒక్కచోటే ఉంది.

2019లో ఆ క్లబ్ మాజీ డిఫెండర్ జేమీ క్యారగర్ టెలివిజన్ కార్యక్రమంలో ఎవ్రా ముఖం చూసి, మేము చేసింది తప్పు అని క్షమాపణ చెప్పాడు. మంచిదే. ఎనిమిదేళ్లు పట్టింది.

ఇది చదువుతుంటే మీకు వేరే సంఘటనలు గుర్తుకు వస్తున్నాయా? నాకు వస్తున్నాయి. ఏ సంస్థలోనైనా, ఏ సంఘంలోనైనా, ఏ ఆఫీసులోనైనా కులం పేరుతో ఒకరిని అవమానించినవాడు "ముఖ్యమైనవాడు" అయితే ఏం జరుగుతుంది? "ఆయన లేకపోతే పని ఎలా నడుస్తుంది, నువ్వే కాస్త సర్దుకో" అని బాధితుడికి చెబుతారు. పైకి కనబడని టీషర్టులు అందరూ వేసుకుంటారు. మన యువత లివర్‌పూల్ కథ నుంచి తెలుసుకోవలసింది మొదట ఇదే. ముఖ్యమైనవాడి కోసం న్యాయాన్ని పక్కన పెట్టే చోట, ఆ ముఖ్యమైనవాడు వెళ్లిపోయాక మిగిలేది పెద్ద ఖాళీ.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

"వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. మనకెందుకు?" అని అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు క్లబ్ పుట్టుకలోనే ఉంది. ఆ నగరంలోని ఎవర్టన్ క్లబ్ 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చి కుర్రాళ్ల ఆటతో మొదలైంది. ఆన్‌ఫీల్డ్ మైదానం అద్దె విషయంలో గొడవ వచ్చి ఎవర్టన్ వేరే చోటికి వెళ్లిపోతే, ఖాళీ అయిన ఆ మైదానంలో 1892లో లివర్‌పూల్ క్లబ్ పుట్టింది. చుట్టూ ఉన్న కార్మికుల వాడలు ఆ రెండు క్లబ్బులను పెంచాయి. ఈ రోజు వాటికి ఎంతమంది యజమానులు మారినా, ఆ వాడల ప్రేమే పెట్టుబడి.

2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం కొన్ని టికెట్ల ధరను 77 పౌండ్లకు పెంచుతామని ప్రకటించింది. సండర్‌ల్యాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది అభిమానులు లేచి బయటికి నడిచారు. అప్పటికి తమ జట్టు 2-0తో గెలుస్తోంది. వాళ్లు వెళ్లాక మ్యాచ్ 2-2తో ముగిసింది. కొద్ది రోజులకే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కి తీసుకుంది.

2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ఆటలు ఆగినప్పుడు, ఆటగాళ్లు కాని సుమారు 200 మంది సిబ్బందికి జీతంలో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వ పథకం నుంచి ఇప్పిస్తామని అదే క్లబ్ ప్రకటించింది. అంతకు కొద్ది వారాల ముందే 4.2 కోట్ల పౌండ్ల లాభం చూపిన సంస్థ అది. అభిమానులు నిలదీశారు. రెండు మూడు రోజుల్లోనే నిర్ణయం మార్చుకుని, తప్పయిందని చెప్పారు.

అదే నగరంలో 2015 నుంచి ఎవర్టన్, లివర్‌పూల్ అభిమానులు కలిసి, ఆకలితో ఉన్న కుటుంబాల కోసం మ్యాచ్ రోజుల్లో స్టేడియం బయట ఆహారపు వస్తువులు సేకరిస్తున్నారు. మైదానంలో బద్ధశత్రువులు, బియ్యం డబ్బా దగ్గర ఒకటే మనుషులు. ఒక స్ట్రైకర్ కోసం కోట్లు పోసే నగరంలో పప్పు డబ్బాలు పోగుచేయాల్సి రావడం సిగ్గుపడవలసిన విషయం. అభిమానులే పోగుచేయడం గర్వపడవలసిన విషయం. ఈ రెండూ కలిపి చూడటం నేర్చుకోవాలి.

రెండోసారి ఏం మారింది

నేను ఖర్చుకు వ్యతిరేకిని కాను. అదే క్లబ్ 2018 జనవరిలో ఫిలిప్పె కుటీన్యోను బార్సిలోనాకు అమ్మింది. అన్నీ కలిపితే ధర 14 కోట్ల పౌండ్ల దాకా వెళ్లింది. ఈసారి కుటీన్యోలాంటి ఇంకొకడి కోసం వెతకలేదు. తమ జట్టుకు అసలు లోటు ఎక్కడుందో చూశారు. లోటు వెనుక వైపు ఉంది. డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్‌ను 7.5 కోట్లకు, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్‌ను 6.5 కోట్లకు పైగా ఇచ్చి తెచ్చారు. ఇవి 2014 నాటి ధరల కంటే చాలా ఎక్కువ. అయినా అవి కంగారులో పెట్టిన ఖర్చులు కావు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో 30 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ వచ్చాయి. వెళ్లినవాడి ఆకారంలో మనిషిని వెతకడం మానేసి, మిగిలినవాళ్లకు ఏం కావాలో అడిగారు. తేడా అంతా అక్కడే.

2019 మే నెలలో జరిగిన సెమీఫైనల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదటి మ్యాచ్‌లో బార్సిలోనా 3-0తో గెలిచింది. మొదటి గోల్ కొట్టినవాడు సువారెజ్. ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన రెండో మ్యాచ్‌కు లివర్‌పూల్ వైపు మొహమ్మద్ సలా లేడు, ఫిర్మీనో లేడు. ఇద్దరికీ గాయాలు. ఈసారి కొనడానికి విండో తెరిచి లేదు. ఉన్నవాళ్లతోనే ఆడాలి. లివర్‌పూల్ 4-0తో గెలిచింది. రెండు గోల్స్ డివోక్ ఒరిగివి. 2014 వేసవిలో కొని, వెనక్కి పంపిన, ఆ తొమ్మిది మందిలో ఒకడు! అయిదేళ్లు బెంచీ మీద, అద్దె ఒప్పందాల మీద గడిపిన ఒరిగి ఆ రాత్రి సువారెజ్ ఎదుటే ఆ పని చేశాడు. ఫైనల్లో కూడా గోల్ కొట్టాడు.

ఇలా ఉన్నవాళ్లలోంచి మనిషిని తీయడం మన తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కోచ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని పక్కన పెట్టలేదు, ముందు వరుసలో స్ట్రైకర్‌గా నిలబెట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి మనం స్వర్ణం తెచ్చుకున్నాం. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌ది. తన మనుషులు ఏం చేయగలరో రహీమ్‌కు తెలుసు. ఆ తెలివికి ట్రాన్స్‌ఫర్ ఫీజు ఉండదు.

యువ మిత్రులారా, వచ్చే విండోలో మీ క్లబ్ స్టార్ స్ట్రైకర్ వెళ్లిపోతే బాధపడండి, పోట్లాడుకోండి, కొత్తవాడి పేరు కోసం రాత్రంతా ఫోన్ చూడండి. దానితో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. అతను ఉన్నన్నాళ్లూ అతని కోసం మనం ఎవరి నోరు మూయించాం? కొత్తగా వచ్చేవాడిని మనిషిగా చూస్తామా, ఖాళీకి కొలిచి తెచ్చిన వస్తువుగా చూస్తామా?

ఈ ప్రశ్నలు క్లబ్ దగ్గర అడగడం అలవాటైతే, మీరు పనిచేసే చోట, మీరు కూర్చునే కమిటీల్లో అడగడానికి కూడా నోరు వస్తుంది. అక్కడ పెద్దవాడు ఒకడు తప్పు చేసి, అతని చుట్టూ అందరూ చేరిన రోజున, ఫిర్యాదు చేసినవాడి పక్కన నిలబడటానికి ఒక్కరైనా కావాలి. ఆ ఒక్కరు మీరు కావాలని నా కోరిక.